దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం, అక్కడి గ్రానైట్ గుట్టలు: విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హంపి వెళ్లొచ్చామంటే గుంటూరులో "అవునా, బాగుందా" అని ఊరుకుంటారు. దరోజీలో ఎలుగుబంటిని చూశామంటే మాత్రం ఆ రాత్రి నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఎలా వెళ్లారు, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, ఆ రాళ్లు మీద పడవా? మా వీధిలోవాళ్లు, విజయవాడలో ఉన్న చుట్టాలు, వాళ్ల స్నేహితులు ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## బయలుదేరే ముందు

అసలు దరోజీ ఎక్కడుంది? హంపిలో భాగమా, వేరే ఊరా?

కర్ణాటకలో బళ్లారికీ హోస్పేటకూ మధ్య ఉన్న రాతిగుట్టల అడవి ఇది. హంపి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. దరోజీ అనే ఊరి పేరే అభయారణ్యానికి పెట్టారు. 1994 అక్టోబరులో బిళికల్లు రిజర్వు అడవిలో 5,587 హెక్టార్లను ఎలుగుబంట్ల కోసం ప్రత్యేకించారు. 2009లో బుక్కసాగర అడవిని కూడా కలిపాక మొత్తం 82.72 చదరపు కిలోమీటర్లయింది. చాలామంది దరోజీ ఊళ్లో దిగి అడవి ఎక్కడని అడుగుతుంటారు. సందర్శకులు వెళ్లాల్సింది హంపి పక్కనే ఉన్న కమలాపుర వైపు నుంచి.

హంపి దగ్గర జూ ఉందంటున్నారు, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. కమలాపుర దగ్గర అటల్ బిహారీ వాజ్‌పేయి జూలాజికల్ పార్క్ ఉంది. అక్కడ కంచెల లోపల జంతువులుంటాయి, సఫారీ ఉంటుంది. దరోజీలో కంచె లేదు, బోను లేదు. ఎలుగు తన ఇష్టం వచ్చినప్పుడు గుట్ట దిగుతుంది, మనం దూరంగా టవర్ మీద కూర్చుని చూస్తాం. ఆటో మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా గట్టిగా చెప్పండి. "కరడి ధామ" అంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కన్నడంలో కరడి అంటే ఎలుగుబంటి.

ఏ నెలలో వెళ్తే మంచిది? మా పిల్లలకు సెలవులు మేలోనే కదా.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వానలు పడ్డాక, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుట్టల మధ్య పచ్చదనం వచ్చి చూడముచ్చటగా ఉంటుంది. మే గురించి గుంటూరువాళ్లకు ఎండ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు కానీ, ఇది వేరే రకం ఎండ. పైనుంచి సూర్యుడు, చుట్టూ కాలిన బండలు. సాయంత్రం ఆరింటికి కూడా రాయి మీద చెయ్యి పెడితే పొయ్యి మీంచి దింపిన పెనంలా వెచ్చగా ఉంటుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో మేలో వద్దని నా మాట. సంక్రాంతి సెలవులు వాడుకోండి. దసరా అయినా పర్వాలేదు.

ఎలుగుబంటి గ్యారంటీగా కనిపిస్తుందా? అంత దూరం వెళ్లి ఉత్త చేతులతో రావాలా?

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కానీ మన దేశంలో అడవి ఎలుగును పగటి వెలుతురులో చూసే అవకాశం ఇంత బాగా ఉన్న చోట్లు చాలా తక్కువ. మేం ఐదుసార్లు వెళ్లాం, నాలుగుసార్లు చూశాం. కనిపించని ఆ ఒక్కసారీ తప్పు మాదే. ఆటో మాట్లాడటంలో ఆలస్యం చేసి, టవర్ ఎక్కేసరికి ఐదు దాటింది. అప్పటికే ఎలుగులు వచ్చి వెళ్లిపోయాయని అక్కడున్నవాళ్లు చెప్పారు. మా అబ్బాయి దారిపొడవునా ఏడ్చాడు. మధ్యాహ్నం మొత్తం దీనికే కేటాయించగలిగితేనే పెట్టుకోండి.

ఒక్క రోజులో హంపి, దరోజీ రెండూ అయిపోతాయా?

అవ్వవు. అవ్వాలని పరిగెడితే రెండూ చెడతాయి. కనీసం రెండు పగళ్లు పెట్టుకోండి. మొదటి రోజు ఉదయం హంపిలో విరూపాక్షుడి దర్శనం, దగ్గరున్న ఒకటి రెండు చోట్లు. భోంచేసి రెండింటికల్లా దరోజీ. రెండో రోజు పూర్తిగా హంపికి. మా వాళ్లలో కొందరు మొదటి రోజు హంపి అంతా తిరిగి, రెండో రోజు మధ్యాహ్నం దరోజీ పెట్టుకుంటారు. అప్పటికి కాళ్లు పడిపోయి టవర్ మీద నిద్రపోతారు. అలసిపోకముందే అడవికి వెళ్లడం మేలు.

మన దగ్గరే కొండవీడు, కోటప్పకొండ ఉన్నాయి. రాళ్లు చూడటానికి అంత దూరం ఎందుకండీ?

కొండవీడు నాకు ప్రాణం. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది, గుంటూరు పిల్లలందరూ ఒకసారైనా ఎక్కాలి. కానీ మన కొండలు వరసగా, వీపు వంచినట్టు, చెట్లు కప్పుకుని ఉంటాయి. రాయలవారి రాజధాని చుట్టూ ఉన్నవి వేరు. మట్టి మొత్తం కొట్టుకుపోయి, ఇల్లంతేసి గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి, కనుచూపు మేర అదే దృశ్యం. ఆ గుండ్ల సందుల్లో ఎలుగులు, చిరుతలు కాపురం ఉంటున్నాయి. చిన్నప్పుడు పుస్తకంలో చదివిన కిష్కింధ ఇలాగే ఉండి ఉంటుంది అనిపిస్తుంది. అక్కడివాళ్లు ఆనెగొంది, హంపి ప్రాంతమే కిష్కింధ అని నమ్ముతారు. జాంబవంతుడి కథ తెలిసిన పిల్లలకు అక్కడ ఎలుగును చూపించడం ఎంత బాగుంటుందో ఆలోచించండి.

## ప్రయాణం, బస, తిండి

రైల్లో నేరుగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, అదే సుఖం. అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోస్పేట వెళ్తుంది. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్నే హోస్పేటలో దిగుతారు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. సంక్రాంతి, దసరా రోజులకైతే తెరిచిన పూటే చేసుకోండి, తర్వాత వెయిటింగ్ లిస్టుతో టెన్షన్ తప్పదు. దిగువమెట్ట దాటాక బండి నల్లమలలోకి ప్రవేశిస్తుంది. చీకట్లో ఏమీ కనపడకపోయినా ఆ చల్లటి గాలి కోసం నేను మెలకువగా ఉంటాను.

సొంత కారులో వెళ్తే?

గుంటూరు నుంచి ఐదు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది, రోజంతా ప్రయాణమే. నరసరావుపేట, వినుకొండ మీదుగా గిద్దలూరు చేరి, నల్లమల ఘాట్ దాటి నంద్యాల వైపు దిగి, అక్కడి నుంచి గుంతకల్లు, బళ్లారి. ఘాట్‌ను వెలుతురు ఉండగానే దాటేయండి. కారుంటే దరోజీలో ఆటో వెతుక్కునే పని తప్పుతుంది, నిజమే. కానీ వెళ్లిన రోజే మధ్యాహ్నం అడవి పెట్టుకోలేరు, ఒక రాత్రి అదనంగా కావాలి.

ఎక్కడ దిగాలి?

రైలు దగ్గర కావాలంటే హోస్పేట. అడవికీ హంపికీ దగ్గరగా ఉండాలంటే కమలాపుర. కర్ణాటక టూరిజం వాళ్ల మయూర భువనేశ్వరి హోటల్ కమలాపురలోనే ఉంది. జంగిల్ లాడ్జెస్ వాళ్ల రిసార్టు కూడా ఆ పక్కనే ఉంది, ఖర్చు ఎక్కువ. మేం ఎప్పుడూ హోస్పేటలో మామూలు లాడ్జిలోనే దిగాం, ఇబ్బంది ఏమీ రాలేదు.

కన్నడం రాదు. తిండి మనకు పడుతుందా?

బళ్లారి, హోస్పేటల్లో తెలుగు అర్థం కానివాళ్లు అరుదు. మీరు తెలుగులో అడగండి, వాళ్లు కన్నడం కలిపిన తెలుగులో చెబుతారు. తిండికి బెంగే అక్కర్లేదు. పొద్దున్నే ఒగ్గరణె, పక్కన మిర్చి బజ్జీ. మన అనంతపురం, కర్నూలు వాళ్లు ఉగ్గాని అంటారే, అదే. నానబెట్టి పోపు వేసిన బొరుగులు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తివంకాయ దొరికితే వదలకండి. కారం విషయంలో గుంటూరు నాలుకకు కాస్త చప్పగా అనిపించొచ్చు, అంతే.

## గేటు దగ్గర, టవర్ మీద

ఎన్నింటికి వెళ్లాలి?

సాధారణంగా మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా సందర్శకులను అనుమతిస్తారు. రెండింటికే గేటు దగ్గర ఉండండి. ఎలుగులు ఎక్కువగా ఎండ తగ్గాక కదులుతాయి కాబట్టి నాలుగింటికి వెళ్తే చాలు అనుకుంటారు. కానీ ఆలస్యంగా వచ్చే ప్రతి బండి చప్పుడుకూ అప్పుడప్పుడే బయటికి వస్తున్న ఎలుగు వెనక్కి తగ్గుతుంది. ముందే వెళ్లి స్థిరంగా కూర్చున్నవాళ్ల వల్ల దానికి ఏ ఇబ్బందీ ఉండదు.

బస్సు ఉందా? గేటు నుంచి నడవొచ్చా?

నడవనివ్వరు, ఎలుగులు తిరిగే అడవి అది. గేటు నుంచి టవర్ దాకా కొన్ని కిలోమీటర్ల మట్టిదారి, బండిలోనే వెళ్లాలి. హోస్పేటలోనో కమలాపురలోనో ఆటో లేదా ట్యాక్సీ మాట్లాడుకోండి. బేరం చేసేటప్పుడే "ఆరింటిదాకా అక్కడే ఆగాలి" అని ఖరారు చేసుకోండి. ఒకసారి ఒక ఆటో అతను మమ్మల్ని దింపి, గంటలో వస్తానని వెళ్లి రాలేదు. చీకటి పడే వేళకు వేరే కుటుంబం వాళ్లు తమ కారులో ఇరుక్కుని కూర్చోబెట్టుకున్నారు. అప్పటి నుంచి సగం డబ్బులు తిరుగు ప్రయాణం అయ్యాకే ఇస్తున్నాను.

వెంట ఏమేం తీసుకెళ్లాలి?

బైనాక్యులర్. ఇంకేది మర్చిపోయినా అది మర్చిపోకండి. ఎలుగు మనకు ఎదురుగా ఉన్న గుట్ట మీదికి వస్తుంది. వట్టి కంటికి అది కదిలే నల్లటి మచ్చ. 8×42 రకం బైనాక్యులర్‌లో చూస్తే ఎదమీది తెల్లటి గుర్తు, గాలికి లేచే మెడ జూలు, నాలుకతో రాతిని నాకడం అన్నీ కనిపిస్తాయి. కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకోండి. మంచినీళ్లు, టోపీ, మట్టిరంగు బట్టలు. సెంటు పూసుకోవద్దు, ఎలుగు ముక్కు చాలా చురుకు. పులిహోర పొట్లాలు హోటల్లోనే ఉంచేయండి.

ఫోన్‌తో ఫోటో వస్తుందా?

రాదు. జూమ్ చేస్తే మసకే మిగులుతుంది. పెద్ద లెన్స్ ఉన్న కెమెరా ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే ఫోన్ లోపల పెట్టేసి కళ్లారా చూడండి. బైనాక్యులర్ కంటికి ఫోన్ కెమెరా ఆనించి తీస్తే కొంత నయం.

గుట్ట మీద తేనె పూస్తారంట, నిజమేనా? అది తప్పు కాదా?

నిజమే. అటవీ సిబ్బంది మధ్యాహ్నం వేళ ఎదురు గుట్ట బండల మీద బెల్లం, తేనె కలిసిన పాకం లాంటిది పూసి వస్తారు. ఎలుగులు దానికోసం వస్తాయి. అడవి జంతువుకు మనిషి తిండి అలవాటు చేయొచ్చా అని నాకూ మనసులో పీకుతూనే ఉంటుంది. మరోవైపు, ఆ గుట్ట మీద ఎలుగును ఒక్కసారి చూసిన పల్లెటూరి పిల్లాడికీ పట్నం పిల్లాడికీ దానిమీద ఏర్పడే ప్రేమ కూడా చిన్నది కాదు. పూసేది కొద్దిగానే, అది వాటికి చిరుతిండి మాత్రమే. కడుపు నింపుకోవడానికి రాత్రంతా అవి చెదపుట్టలు తవ్వుకోవాల్సిందే. ఈ పని సిబ్బందికి వదిలేయాలి. మనం బిస్కెట్టు ముక్క కూడా విసరకూడదు.

పిల్లలు గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటారా?

కూర్చుంటారు, పని చెబితే. మా పాపకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, నెమళ్లు ఎన్ని, ముంగిసలు ఎన్ని, ఏ బండ దగ్గర అని రాయమన్నాను. ఎలుగు కంటే ముందు పాకం దగ్గరికి వచ్చేది నెమళ్లు, ముంగిసలు, పిట్టలే కదా. మొదటి అరగంట విసిగించింది. తర్వాత నన్నే "ష్, నాన్నా" అంది. నాలుగేళ్లలోపు పిల్లలైతే కష్టం. వాళ్లు ఏడిస్తే వాళ్లకూ బాధ, పక్కవాళ్లకూ ఇబ్బంది.

టవర్ మీద మాట్లాడుకోవచ్చా?

గుసగుసగా. దయచేసి ఈ ఒక్క విషయం మాత్రం పట్టించుకోండి. ఒకసారి తల్లి ఎలుగు, వీపు మీద రెండు పిల్లలతో బండల వెనక నుంచి సగం బయటికి వచ్చింది. టవర్ మీద ఒకరి ఫోన్ పెద్దగా మోగింది. ఆ తల్లి తల తిప్పి మా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ రోజు టవర్ మీద చాలామందే ఉన్నాం. అందరమూ చూడగలిగింది ఆ నాలుగు క్షణాలే. ఫోన్ సైలెంట్‌లో కూడా వద్దు, స్విచాఫ్ చేయండి.

పొరపాటున ఎలుగు ఎదురుపడితే ఏం చేయాలి?

టవర్ దగ్గర ఉన్నంతసేపు ఆ ప్రమాదం దాదాపు లేదు. బండి దిగి పొదల్లోకి వెళ్తేనే ఉంటుంది. ఎలుగుకు చూపు, వినికిడి అంత పదును కాదు. అందుకే మనం దగ్గరికి వచ్చేదాకా గుర్తించక, ఉలిక్కిపడి మీద పడుతుంది. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో జరిగిన దాడుల వార్తలు మనం చదివాం కదా. ఎదురైతే పరిగెత్తకండి, అది మనకంటే వేగంగా వస్తుంది. దాని మీది నుంచి దృష్టి మరల్చకుండా మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ, తల వెనక భాగం కప్పుకోవాలి. భల్లూకపు పట్టు అన్న మాట ఊరికే పుట్టలేదు.

## ఆ రాళ్ల గురించి

ఈ రాళ్లను ఎవరు పేర్చారు? భూకంపం వచ్చిందా, అగ్నిపర్వతమా?

ఎవరూ పేర్చలేదు, ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. ఉన్నచోటే అలా తయారయ్యాయి. వాలి, సుగ్రీవుల పోరులో వానరులు విసిరిన బండలని అక్కడి పెద్దలు చెబుతారు, వినడానికి బాగుంటుంది. జరిగింది ఇదీ: భూమి లోపల చాలా లోతున కరిగిన రాయి మెల్లమెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లలో అరిగిపోయేసరికి, మీదున్న బరువు తగ్గి లోపలి రాయికి నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. అంటే ఒక పెద్ద రాతి ముద్ద మైసూర్‌పాక్ కోసినట్టు దిమ్మలు దిమ్మలైంది. పగుళ్లలోకి వాననీరు దిగింది. దిమ్మకు మూలల దగ్గర మూడు వైపుల నుంచీ నీరు తగులుతుంది కాబట్టి ముందు మూలలు కుళ్లి మట్టయ్యాయి. చతురస్రం గుండ్రమైంది. ఆ తర్వాత వానలు ఆ మట్టిని కడిగేశాయి, గట్టి గుండ్లు మాత్రం ఎక్కడివక్కడే ఒకదాని మీద ఒకటి మిగిలాయి.

ఇది తెలిశాక చూస్తే ఆ గుట్టలు ఇంకోలా కనిపిస్తాయి. పైరాయికీ కిందిరాయికీ మధ్య సందు ఒకప్పటి పగులు. రెండూ ఒకే రాయి, విడిపోయిన తోబుట్టువులు.

ఎంత పాతవి?

ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బెంగళూరు దగ్గరి రామనగర వైపు నుంచి ఉత్తరంగా సాగే క్లోజ్‌పేట గ్రానైట్ పట్టీతో దీన్ని కలిపి చెబుతారు. రామనగరకు పాత పేరు క్లోజ్‌పేట. ఆ రాయి గడ్డకట్టిన రోజుల్లో భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులే ఉన్నాయి.

దగ్గరి నుంచి చూస్తే ఏం గమనించాలి?

హంపిలో మాతంగ కొండ దారిలోనో, హేమకూటం మీదో ఏ బండ దగ్గరైనా ఆగి, అరచెయ్యంత చోటును రెండు నిమిషాలు చూడండి. గులాబీ లేదా తెల్లటి ముక్కలు, కొన్ని వేలిగోరంత ఉంటాయి, అవి ఫెల్డ్‌స్పార్. గాజులా, ఉప్పుకల్లులా మసకగా మెరిసేది క్వార్ట్జ్. ఎండకు తిప్పి చూస్తే తళుక్కుమనే నల్లటి రేకులు అభ్రకం. గింజలు ఇంత పెద్దగా కనిపించడానికి కారణం రాయి తీరిగ్గా చల్లారడమే. పాకం నెమ్మదిగా ఆరితే కలకండ పలుకులు పెద్దవవుతాయే, అలాగే. బండకు వేలితో తట్టండి. కొన్నిచోట్ల డొల్లగా మోగుతుంది. అక్కడ పైపొర ఉల్లిపొరలా లేచి ఉందన్నమాట. ఇంకొన్ని వందల ఏళ్లకు ఆ పొర ఊడిపోయి గుండు మరికాస్త గుండ్రమవుతుంది.

బండల మీద వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి, అవేంటి?

విజయనగర కాలపు రాతి పనివాళ్ల గుర్తులు. ఒకే గీతలో ఉలితో గుంటలు తొలిచి, వాటిలో చీలలు దిగ్గొట్టి బండను నిలువునా చీల్చేవారు. హంపి చుట్టుపక్కల ఇలాంటి గుంటల వరసలు లెక్కలేనన్ని. కొన్ని బండలు సగం చీలి ఆగిపోయాయి. గుంటలు తొలిచారు, కొట్టడం మొదలుపెట్టారు, ఎందుకో వదిలేశారు. నన్ను గుళ్లలోని శిల్పాల కంటే ఇవే ఎక్కువసేపు నిలబెడతాయి, ఆ పనివాడి చెయ్యి ఇప్పుడే పక్కకు జరిగినట్టుంటుంది.

గ్రానైట్ అంటే మన ఇళ్లలో వేసేదే కదా? మన చీమకుర్తిదీ ఇదీ ఒకటేనా?

మార్కెట్లో గట్టిగా ఉండి పాలిష్ పట్టే ప్రతి రాయినీ గ్రానైట్ అనేస్తారు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ నిజానికి గాబ్రో అనే వేరే జాతి నల్లరాయి. వంటగట్టు మీద బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. హంపి, దరోజీ గుట్టలది భూగర్భ శాస్త్రం ప్రకారం కూడా గ్రానైటే. ఆ ప్రాంతంలోనూ క్వారీలున్నాయి. పక్కనే సండూరు ఇనుప గనులు కూడా. గుట్ట ఒకటి పలకలుగా మారిందంటే అందులో ఉన్న ఎలుగు గుహ కూడా పోయినట్టే. మన వంటగట్టుకూ ఎలుగుకూ ఉన్న ఈ చుట్టరికం నాకు ఇల్లు కట్టుకునేటప్పుడే తెలిసి ఉంటే బాగుండేది.

ఎలుగులు రాళ్లలోనే ఎందుకుంటాయి?

గుండ్ల మధ్య సందులు వాటికి సిద్ధంగా ఉన్న ఇళ్లు. నల్లటి దట్టమైన బొచ్చుతో పగటి ఎండను భరించలేవు. బయట నిప్పులు కురుస్తున్నా రాతి గుహ లోపల చల్లగా ఉంటుంది. తల్లి చలికాలంలో పిల్లల్ని పెట్టేది కూడా అలాంటి గుహలోనే. బయటికి వచ్చాక నెలల తరబడి పిల్లల్ని వీపున మోస్తుంది. ఎలుగు జాతులన్నిటిలో ఇలా మోసే అలవాటు ఉన్నది దీనికే.

పైకెక్కి సెల్ఫీ తీసుకోవచ్చా?

అభయారణ్యంలో టవర్ దగ్గర తప్ప బండి దిగడమే కుదరదు, ఎక్కే మాటే లేదు. హంపిలో ఎక్కేందుకు దారులున్న కొండలు వేరే ఉన్నాయి. మాతంగ కొండ సూర్యోదయానికి పేరున్నది. చెప్పులు జారేవి వద్దు. వాన పడ్డ రోజు నున్నటి బండ మీద నాచు సబ్బులా ఉంటుంది, ఆ రోజు మానుకోండి.

## ఎలుగు, దాని ఇరుగుపొరుగు

మాంసం తింటుందా?

ముఖ్యమైన తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. రేగు, నేరేడు, తునికి కాసే రోజుల్లో వాటికోసం ఎంత దూరమైనా వెళ్తుంది. చెదపుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపల పెట్టి, ముందు ఊది దుమ్ము పోగొట్టి, తర్వాత పీల్చేస్తుంది. దీనికి వీలుగా పైవరసలో ముందు పళ్లు రెండు ఉండవు, ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల దూరానికి వినిపిస్తుంది. 1791లో ఒక ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ గోళ్లు చూసి స్లాత్ అనే వేరే జంతువు చుట్టమనుకున్నాడు. ఆ పొరపాటే స్లాత్ బేర్ అనే ఇంగ్లీషు పేరులో నిలిచిపోయింది.

మా చిన్నప్పుడు ఎలుగుబంటిని వీధుల్లో ఆడించేవారు. ఆ వెంట్రుక తాయత్తు దొరుకుతుందా?

దొరకదు, అడగకండి కూడా. భయం పోతుందని మమ్మల్నీ ఎలుగు మీద కూర్చోబెట్టారు. దాని ముక్కులోంచి పోయిన తాడు అప్పుడు నా కంటికి ఆనలేదు. పిల్లగా ఉన్నప్పుడే తల్లిని చంపి పట్టుకొచ్చి, ముక్కు కుట్టి, పళ్లు పీకి ఆడించేవారని తర్వాత తెలిసింది. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని నేరం చేసినా, దేశంలో ఆ ఆట పూర్తిగా ఆగేసరికి 2009 దాకా పట్టింది. ఆడించినవాళ్లూ పేదవాళ్లే, వాళ్లకు వేరే బతుకుతెరువు చూపించాకే ఆగింది.

ఎలుగు కాకుండా ఇంకేం కనిపిస్తాయి?

నెమళ్లు, అడవిపందులు, ముంగిసలు తేలిగ్గా కనిపిస్తాయి. చిరుత, అలుగు, ముళ్లపంది, నక్షత్ర తాబేలు ఉన్నాయి, చూడటం అదృష్టం. పిట్టల మీద ఇష్టం ఉంటే పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం చూడండి. దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. బండల మీద తల ఆడిస్తూ కూర్చునే రాతితొండను మాత్రం వదలొద్దు. జతకట్టే రోజుల్లో మగదాని వీపు నిప్పుకణికలా ఎర్రబడుతుంది, కింది భాగం నల్లగా ఉంటుంది.

## తిరిగొచ్చే ముందు

రెండో రోజు హంపి అయ్యాక టైం మిగిలితే?

తుంగభద్ర ఒడ్డుకు వెళ్లండి. ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పొద్దున్నే పుట్టిలో వెళ్తే ఒక్కోసారి బండల మీద ఎండకు కాచుకుంటూ కనిపిస్తాయి. పుట్టివాళ్లు లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, నీరు ఎక్కువగా ఉన్న రోజుల్లో అసలు ఎక్కొద్దు.

దరోజీ ఊళ్లో చూడాల్సింది ఏమైనా ఉందా?

చూడటానికని కాదు, తెలుసుకోవడానికి ఒకటుంది. కన్నడంలో బుర్రకథ చెప్పి పేరు తెచ్చుకున్న ఈరమ్మగారి ఊరు అది. 2014లో కన్నుమూశారు. మన దగ్గర బుర్రకథ వింటూ పెరిగినవాళ్లకు ఆ ఊరి బోర్డు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది.

జ్ఞాపకంగా చిన్న రాయి ముక్క తెచ్చుకోవచ్చా?

వద్దు. అభయారణ్యంలోంచి రాయి, ఈక, ముళ్లపంది ముల్లు, ఏదీ బయటికి తేకూడదు, చట్టం ఒప్పుకోదు. హంపి కట్టడాల దగ్గరా అంతే. మా పాప గేటు దగ్గర బండి చక్రం పక్కన పడున్న ఒక గులాబీ పలుకు జేబులో వేసుకుంది. హోస్పేట స్టేషన్లో రైలెక్కబోతూ చూశాను. మా ప్రయాణం వాయిదా పడింది. మర్నాడు ఉదయం తీసుకెళ్లి, తీసిన చోటే పెట్టించాను. ఆటోకు అయిన ఖర్చు నాకు గుర్తులేదు. అది అక్కడ పెట్టి, పైన కొంచెం మట్టి కప్పి, "దొరకదులే నాన్నా, ఇంకెవరూ తీయరు" అంది.